ఆ బోరింగు ఎవరిది?

చాలా ఏళ్ల క్రితం జగిత్యాల దగ్గరి ఒక పల్లెలో, మన విశ్వాసులుండే వాడకు ఒక స్వచ్ఛంద సంస్థ బోరింగు వేయించింది. ప్రార్థన చేసి ప్రారంభించింది నేనే. ఏడాది తిరగకముందే అది చెడిపోయింది. మూడు నెలల తర్వాత వెళ్తే ఆడవాళ్లు మళ్లీ పొలం బావి నుంచి బిందెలు మోస్తున్నారు. బాగు చేయించుకోలేదేమని అడిగితే ఒక పెద్దమ్మ, "అది సంస్థోళ్ల బోరింగు పాస్టరయ్యా, వాళ్లే వచ్చి చేస్తరు" అన్నది. పాడైంది ఒక తోలు వాషర్ మాత్రమే! ముందు కోపం వచ్చింది, ఇంటికొచ్చాక సిగ్గేసింది. దాన్ని ఎక్కడ వేయాలో, ఎవరు చూసుకోవాలో ఆ వాడలో ఎవరినీ మేం అడగనేలేదు.

యెరూషలేములోని ఆదిమ సంఘంలోనూ ఇలాంటి సమస్యే వచ్చింది. అనుదిన ఆహారం పంచడంలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్న సణుగు పుట్టింది (అపొ.కా. 6:1–7). అపొస్తలులు ఆ ఫిర్యాదును అణచివేయలేదు, తామే వెళ్లి గరిటె పట్టుకోనూ లేదు. శిష్యులందరినీ పిలిచి, మంచిపేరున్న ఏడుగురిని మీరే ఎన్నుకోండన్నారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే! అంటే నష్టపోయిన పక్షం వారికే పంపిణీ అప్పగించారన్నమాట. పేదవాడికి మరో రొట్టె ఇవ్వడం తేలిక, గరిటె ఇవ్వడమే కష్టం.

మన సిరిసిల్లనే చూడండి. 1970లో అక్కడ సహకార విద్యుత్ సరఫరా సంఘం 'సెస్' మొదలైంది. కరెంటు వాడుకునేవారే అందులో సభ్యులు, పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ వారే. 2022 డిసెంబరులో 15 డైరెక్టరు పదవులకు ఎన్నికలు జరిగాయి. పార్టీల పోటీ, ఆరోపణలు లేకపోలేదు. అయినా తన మోటారుకు కరెంటిచ్చే సంస్థలో రైతుకు ఓటుంది. అదే ఊళ్లో నూలు ధర, బట్ట ధర మాత్రం మరమగ్గం నడిపే కార్మికుడి చేతిలో లేవు. ఆర్డరుంటే కూలి, లేకుంటే పస్తు. అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్న నేతన్నలను ఆ పట్టణం ఎంతోమందిని చూసింది.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి, మనం వీడీసీలంటాం. ఎవరి కోసమూ ఎదురుచూడకుండా సొంత డబ్బుతో ఊరి పనులు చేసుకునే ఆ పట్టుదల మెచ్చదగిందే. కానీ తమ మాట వినని కుటుంబాలను, కొన్నిచోట్ల దళితులను మొత్తంగా సాంఘికంగా బహిష్కరించిన సంఘటనలూ పత్రికల్లో చదివాం. ఊరు తన్ను తాను ఏలుకోవడం మంచిదే, అయితే ఊరంటే ఎవరు? నెహెమ్యా కాలంలో ప్రజలంతా కలిసి 52 దినాల్లో ప్రాకారం కట్టుకున్నారు. కట్టేవారిలోనే పేదల మొర వినిపించింది: పొలాలు తాకట్టులో ఉన్నాయి, పిల్లలు దాసులయ్యారు, అప్పిచ్చింది సొంత సహోదరులే! నెహెమ్యా సభ కూర్చి, ఆ పొలాలను తిరిగి ఇచ్చేయాలని ప్రధానులను నిలదీశాడు (నెహెమ్యా 5). గోడ ఎంత ముఖ్యమో గోడ లోపలి న్యాయమూ అంతే ముఖ్యం.

ప్రియులారా, మన సంఘాల సంగతేమిటి? మిషనరీల కాలం నుంచి 'పైనుంచి వస్తుంది' అని ఎదురుచూసే అలవాటు మనకుంది. వంటకు ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టి సేవను నిలబెట్టిన పేద తల్లుల చరిత్రా మనదే. బీడీలు చుట్టే సహోదరి పొదుపు సంఘంలో లెక్కలు చూస్తుంది, బ్యాంకులో సంతకం పెడుతుంది. ఆదివారం మందిరంలో మాత్రం ఆమెకు చాపలు పరిచే పనే మిగులుతోంది. ఆమె తెచ్చిన బియ్యం కావాలి గానీ, కమిటీలో ఆమె మాట అక్కర్లేదా?

తర్వాత మేమంతా ఆ వాడలో కూర్చుని మాట్లాడుకున్నాం. నెలనెలా ఇంటికి కొంత వేసుకున్నారు. డబ్బు దాచింది ఆ పెద్దమ్మే. ఇద్దరు ఆడపడుచులు రెంచీ పట్టడం నేర్చుకున్నారు. బోరింగు మళ్లీ చెడిపోలేదని కాదు, చెడిపోయినప్పుడల్లా నాకు కబురు రావడం మానేసింది. ఆ సంగతి తెలిసిన రోజు దేవుణ్ణి స్తుతించాను. వచ్చే సంఘ సమావేశంలో లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉందో మీరూ ఒకసారి చూడండి.