వెనక టైరు లావైతే బండి ఎందుకు మొరాయిస్తుంది?

కూచిపూడి చుట్టుపక్కల పొలాల్లో దమ్ము చేసే ట్రాక్టరుకి వెడల్పాటి ఇనుప చక్రాలు బిగిస్తారు. బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది కాబట్టి బండి బురదలో దిగబడదు. (అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు గతి వేరే చెప్పాలా!) మరి క్రూయిజర్ బైకుకి వెనక లావు టైరు ఎందుకు? ఎక్కువమంది వేయించేది అందం కోసమే.

టైరు పక్కన 120/80-18 అని ఉందనుకోండి. వెడల్పు 120 మిల్లీమీటర్లు. ఎత్తు అందులో 80 శాతం, అంటే 96. రిమ్ము వ్యాసం 18 అంగుళాలు. ఆ రిమ్ముకే 150 టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి నడిమి భాగం ఉబ్బుతుంది. నిటారుగా వెళ్తున్నప్పుడు రోడ్డుని తాకేది ఆ సన్నటి పట్టీయే! సరే, రిమ్మూ మార్చామనుకోండి. ఒక పక్క చైను, ఇంకో పక్క వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ టైరుకి రాసుకోవచ్చు. అందుకని చైను తిరిగే పళ్ల చక్రాన్ని (స్ప్రాకెట్‌ని) బయటికి జరపాలి. ముందుదీ వెనకదీ ఒకే వరసలో లేకపోతే చైను తొందరగా అరిగిపోతుంది.

మలుపులో ఇంకో తమాషా. బండిని వాల్చినప్పుడు టైరు నేలని తాకే చోటు పక్కకి జరుగుతుంది. టైరు ఎంత లావైతే అంత ఎక్కువ జరుగుతుంది. అందుకే అదే మలుపుని అదే వేగంతో తిరగాలంటే బండిని ఇంకాస్త వాల్చాలి. కాలవ గట్ల వంకర దారుల్లో ఆ తేడా చేతులకి తెలుస్తుంది. పైగా వాననీళ్లు నిలిచిన రోడ్డు మీద లావు టైరు తక్కువ వేగంలోనే తేలిపోతుంది.

మీవాళ్లెవరైనా లావు టైరు వేయించడానికి బెజవాడ ఆటోనగర్‌కి బండి తీసుకెళ్తుంటే, టైరుకీ చైనుకీ మధ్య సందు ముందే కొలిపించమని చెప్పండి.