అంగడిలోనూ వెన్నశాతం చూద్దాం

సంఘం కేంద్రంలో వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూడకుండా మనం ఒక్క లీటరు పాలకైనా ధర కట్టము. అంగడికి వెళ్లినపుడు మాత్రం పొట్లం మీది రంగులు చూసి డబ్బు ఇచ్చి వస్తున్నాము.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ యార్డుకు సరుకు తెచ్చే రైతుల్లో పాడి ఉన్నవారూ ఉన్నారు. కూరలు యార్డులో అమ్మి, పాలు సంఘంలో పోసి, ఆ డబ్బుతో పిల్లలకు బిస్కట్లు కొనే ఇళ్లను తనిఖీలకు వెళ్లినపుడు మేము చూస్తున్నాము. ఇంట్లో మిగిలేవి టీ పాలే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, 2,000 కేలరీలు అవసరమైన మనిషికి రోజుకు 300 మి.లీ. పాలు లేదా పెరుగు, 400 గ్రాముల కూరలు కావాలి. అలాంటివారు నలుగురుంటే పాలు 1,200 మి.లీ. కావున ముందు ఇంటి గిన్నె, తర్వాత సంఘం క్యాను. సంఘానికి పాలు తగ్గుతాయని ఈ మాట దాచలేము. పోసేవారి పిల్లలు బక్కచిక్కితే సంఘం బలపడదు.

పాలు కొనేవారూ లెక్క చూడాలి. ఫుల్‌క్రీమ్ పాలలో వెన్న కనీసం 6 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. 9 శాతం ఉండాలి. టోన్డ్ పాలలో వెన్న 3, ఎస్.ఎన్.ఎఫ్. 8.5 శాతం. మాంసకృత్తులు, కాల్షియం ఉండేది ఎస్.ఎన్.ఎఫ్.లోనే. అంటే, తక్కువ ధర టోన్డ్ పాలలో సగానికి తగ్గింది వెన్న మాత్రమే. రెండేళ్లలోపు పసివారి విషయంలో డాక్టరును అడగాలి. వెన్న తీసిన మజ్జిగలోనూ ఆ ఎస్.ఎన్.ఎఫ్. చాలావరకు నిలుస్తుంది, దానిని పారబోయరాదు.

పొట్లాల మీద దినుసులను బరువు ప్రకారం, ఎక్కువ నుండి తక్కువకు వరుసగా వ్రాస్తారు. మొదటి రెండు, మూడు పేర్లలో మైదా, చక్కెర, పామాయిల్ ఉంటే అది పిల్లల రోజువారీ తిండి కాదు.

కూరలు ఆ కాలంలో విరివిగా వచ్చేవి, రెండు రోజులకు సరిపడా కొంటే చాలు. బోయిన్‌పల్లి యార్డులో రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల నుండి 500 యూనిట్ల వరకు విద్యుత్తు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. మన ఇంట్లో కుళ్లిన టమాటాతో దీపం వెలగదు, డబ్బే పోతుంది.

కార్యదర్శులు ఈ విషయాన్ని రానున్న సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. మహిళా సభ్యులతో పాటు ఇంటి యజమానులూ తప్పక వినాలి. క్యానులో ఎన్ని పాలు పోయాలో నిర్ణయించేది చాలా ఇళ్లలో వారే.