ఎక్కాలూ, లూపులూ

ఏమే అమ్మడూ, కాలేజీలో పైథాన్ మొదలెట్టారట కదా! అయితే ఎక్కాల ప్రోగ్రాము రాయించే ఉంటారు. ఒక ఫర్ లూపు, దాని కడుపులో ఇంకో ఫర్ లూపు. బయటిది రెండో ఎక్కం పట్టుకుని నిలబడుతుంది, లోపలిది ఒకటి నుంచి పది దాకా గబగబా అప్పజెప్పేస్తుంది. అప్పుడుగానీ బయటిది మూడో ఎక్కానికి కదలదు. అలా ఇరవై ఎక్కాలకు 200 గుణకారాలు.

కెనడాలో పుట్టిన కెనెత్ ఐవర్సన్ అనే గణితం మేష్టారికి ఈ తిప్పుడంతా ఎందుకనిపించింది. హార్వర్డ్‌లో పాఠాల కోసం తనే కొన్ని గుర్తులు కట్టుకుని, 1962లో పుస్తకం వేశాడు. ఏపీఎల్ భాష అందులోంచే పుట్టింది. ఆ భాషలో చిన్న సున్నా, చుక్క, ఇంటూ గుర్తు పెట్టి, అటొక అంకెల వరుస ఇటొక వరుస ఇస్తే చాలు, ఎక్కాల పుస్తకం మొత్తం వచ్చేస్తుంది. 1979లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఆ గుర్తులు చదవాలంటే మాత్రం నాకు కళ్ళు తిరుగుతాయి!

పైథాన్ వాళ్ళు అంత దూరం పోలేదు. 2000లో లిస్ట్ కాంప్రహెన్షన్ తెచ్చారు. రెండు ఫర్‌లూ ఒకే వరుసలో ఇముడుతాయి, ఎడమవైపుది బయటి లూపు. 2008లో ఇటర్‌టూల్స్ అనే మాడ్యూల్‌లో ప్రొడక్ట్ అనే ఫంక్షన్ వచ్చింది. జతలన్నీ అదే తీసి ఇస్తుంది కాబట్టి నీకు ఒక్క లూపు చాలు. లోపలి లూపులో బ్రేక్ పెడితే బయటిది తిరుగుతూనే ఉంటుందే, ఇక్కడ ఆ పేచీ లేదు.

అయితే కంప్యూటరుకు చాకిరీ మాత్రం తగ్గలేదు, అవే 200 గుణకారాలు. వెయ్యేసి పేర్లున్న రెండు జాబితాల్లో ఉమ్మడి పేర్లు ఏరాలనుకో. ప్రతి పేరునూ ప్రతి పేరుతో పోలిస్తే పది లక్షల పోలికలు. ప్రొడక్ట్ పెట్టినా అన్నే. అదే జాబితాలను సెట్‌లుగా మార్చావనుకో, పైథాన్ ప్రతి పేరుకూ ఒక లెక్క కట్టి, పోస్టాఫీసులో ఉత్తరాలు గూళ్ళలో పడేసినట్టు, ఏ అరలో ఉండాలో తేల్చేస్తుంది. వెతికేటప్పుడు తిన్నగా ఆ అరలోకే పోతుంది. పని వేలల్లోనే తెమిలిపోతుంది. నువ్వు రాసేది రెండు సెట్‌ల మధ్య ఒక్క ఆంపర్సండ్ గుర్తు.

ఒకటి చూసుకో. సెట్‌లో వరుసక్రమం నిలవదు, ఒకే పేరు రెండుసార్లుంటే ఒకటే మిగులుతుంది. ఓటర్ల జాబితాలో ఇద్దరు వెంకటేశ్వర్లున్నారా, ఒకాయన గల్లంతే! పేరుతోపాటు కార్డు నంబరు కూడా జతచేసి వెయ్యి.