మేనమామ పోలికతో వచ్చే కిడ్నీ జబ్బు

"మా అబ్బాయిది అచ్చం మేనమామ పోలిక" అని మన ఇళ్ళలో మురిసిపోతుంటాం. ముక్కు, నడకతోపాటు కొన్ని జబ్బులు కూడా ఇలాగే వస్తాయి. వాటిలో ఒకటి ఆల్‌పోర్ట్ వ్యాధి. ఒకే కుటుంబంలో కిడ్నీ జబ్బు, చెవుడు కలిసి రావడాన్ని 1927లో డాక్టర్ సెసిల్ ఆల్‌పోర్ట్ వివరించారు. దానికి కారణమైన ఒక ముఖ్య జన్యువును 1990లో గుర్తించారు.

ఎందుకు వస్తుంది?

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చోట ఆధార పొర అనే సన్నని పొర ఉంటుంది. దానికి బలమిచ్చేది నాలుగో రకం కొల్లాజెన్ అనే మాంసకృత్తు. కోనసీమలో కొబ్బరి పీచు తాడు పేనినట్లు మూడు పోగులు పెనవేసుకుని ఇది తయారవుతుంది. ఒక్కొక్క పోగుకు ఒక్కొక్క జన్యువు. ఒక పోగు చెడినా తాడు నిలవదు. అప్పుడు ముందు రక్తకణాలు, తరువాత ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతాయి. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే కిడ్నీలు పాడవుతాయి. లోపలి చెవిలో, కంటి కటకాన్ని కప్పే పొరలో ఉన్నదీ ఈ కొల్లాజెనే. అందుకే వినికిడి, కొందరికి చూపు కూడా తగ్గుతాయి.

ఎవరికి వస్తుంది?

తీవ్రమైన జబ్బున్న చాలా కుటుంబాల్లో లోపం ఎక్స్ క్రోమోజోము మీది కాల్-4ఏ5 జన్యువులో ఉంటుంది. తల్లికి ఈ లోపముంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. తండ్రికి ఉంటే కూతుళ్ళందరికీ వస్తుంది, కొడుకులకు రాదు. మగవారిలో చాలామందికి 40 ఏళ్ళలోపే కిడ్నీలు పాడవుతాయి. స్త్రీలలో సాధారణంగా నెమ్మదిగా ముదురుతుంది, కానీ వారికీ పరీక్షలు అవసరం.

మిగిలిన రెండు జన్యువులు రెండో క్రోమోజోము మీద ఉంటాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వస్తే ఆడపిల్లలకూ జబ్బు అంతే తీవ్రంగా ఉంటుంది. మేనరికాలలో ఈ ప్రమాదం ఎక్కువ. ఇందులో ఎవరి తప్పూ లేదు. దయచేసి కోడలిని నిందించకండి.

మీరు చేయవలసినవి

• మూత్రంలో రక్తం తరచుగా కంటికి కనిపించదు. చిన్న వయసులో కిడ్నీలు పాడైనవారు మీ కుటుంబంలో ఉంటే పిల్లలకు మూత్రం, వినికిడి, కంటి పరీక్షలు చేయించండి.

• రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి మాత్రలు జబ్బును నయం చేయవు, కానీ డయాలసిస్ అవసరాన్ని ఏళ్ళ తరబడి వాయిదా వేయగలవు. "బి.పి. లేదు కదా" అని మానవద్దు. గర్భం కావాలనుకునే స్త్రీలు ముందే డాక్టరుతో చెప్పాలి. గర్భిణులు ఇవి వాడకూడదు.

• డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు వాడకండి.

• కిడ్నీ మార్పిడి చక్కగా పనిచేస్తుంది. అయితే తల్లి, అక్కచెల్లెళ్ళు కిడ్నీ ఇచ్చేముందు తమకు ఈ లోపం ఉందేమో తప్పక చూపించుకోవాలి.

డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు బిడ్డ రిపోర్టులతోపాటు మేనమామగారి రిపోర్టులు కూడా తీసుకురండి.