గుమ్మంలో నిలిచిన కొత్త పాట

మందిరంలోకి వెళ్లేటప్పుడు చెప్పులు బయట విడిచిపెట్టడం మనకు అలవాటు. అమెరికాలో ఒక సంఘానికి మాత్రం ఒకప్పుడు చెప్పుల్లేని కాళ్లే పెద్ద చిక్కు తెచ్చిపెట్టాయి.

కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో ఉన్న కల్వరి చాపెల్ అనే చిన్న సంఘానికి 1965లో చక్ స్మిత్ కాపరిగా వచ్చారు. అవి హిప్పీల రోజులు. ఇల్లు వదిలి, జుట్టు పెంచి, మత్తుమందులకు లోబడి తిరిగే యువతను చూసి పెద్దలు ముఖం చిట్లించేవారు. స్మిత్ భార్య కే మాత్రం వాళ్ల కోసం భారంతో ప్రార్థించేవారు. 1968లో లానీ ఫ్రిస్బీ అనే హిప్పీ యువకుడు ఆ దంపతులకు పరిచయమయ్యాడు. అతడు అప్పటికే ప్రభువును అంగీకరించినవాడు. అతని వెంట తనలాంటివారు ఎందరో మందిరానికి రాసాగారు. వారి మాసిన కాళ్లతో కొత్త తివాచీ పాడవుతుందని, చెప్పులు లేనివారు లోపలికి రాకూడదంటూ కొందరు బోర్డు పెట్టారట. స్మిత్ దాన్ని తీసివేశారు. తివాచీనైనా పీకేద్దాం గానీ ఒక్క ఆత్మను కూడా గుమ్మంలో ఆపవద్దని పెద్దలకు నచ్చజెప్పారని ఆ సంఘంవారు చెప్పుకుంటారు.

తెరిచిన ఆ గుమ్మంలోంచే 1970లో నలుగురు సంగీతకారులు లోపలికి వచ్చారు. చక్ గిరార్డ్, టామీ కూమ్స్, జే ట్రూయాక్స్, ఫ్రెడ్ ఫీల్డ్. వాళ్ల బృందం పేరు 'లవ్ సాంగ్'. గిరార్డ్ అప్పటికే లోకం ఎరిగిన గాయకుడు. 1964లో హోండెల్స్ పేరుతో వచ్చిన 'లిటిల్ హోండా' పాటలో ఆయన గొంతు అమెరికా అంతటా వినిపించింది. పేరు వచ్చింది గానీ శాంతి రాలేదు. మత్తులో, రకరకాల తత్వాల్లో వెదికి అలసిపోయి, చివరికి సిలువ దగ్గరకు చేరారు. రాక్ సంగీతం లోకసంబంధమైనదని అనేక సంఘాలు తోసిపుచ్చుతున్న కాలంలో స్మిత్ వారి పాటలు విన్నారు. కూడికలో పాడనిచ్చారు.

వారికి పెద్ద కంపెనీల అండ లేదు. 1971లో ఆ సంఘం మరనాత మ్యూజిక్ పేరుతో తెచ్చిన మొదటి సంకలనంలో వారి 'లిటిల్ కంట్రీ చర్చ్' పాట ఉంది. అది తమలాంటివారిని చేర్చుకున్న ఒక చిన్న మందిరం గురించిన పాట. 1972లో 'గుడ్ న్యూస్' అనే చిన్న సంస్థ ద్వారా మొదటి ఆల్బమ్ వచ్చింది. అదే ఏడాది జూన్‌లో డల్లాస్‌లో జరిగిన ఎక్స్‌ప్లో మహాసభల్లో వేలాది యువత ఎదుట పాడారు. 1974లో 'ఫైనల్ టచ్' వచ్చింది. ఆ ఏడాదే బృందం విడిపోయింది. 1976లో కొద్దికాలం మళ్లీ కలిసి పర్యటించారు.

నాలుగేళ్లు, రెండు ఆల్బమ్‌లు. లోకం లెక్కలో ఇది చిన్న కథ. అయితే మరనాత వారి స్తుతిగీతాలు తరువాత దేశదేశాల సంఘాలకు చేరాయి. టామీ కూమ్స్ ఆ పరిచర్యలో చాలాకాలం కొనసాగారు. గిరార్డ్ 1975లో ఇచ్చిన 'సమ్‌టైమ్స్ అల్లెలూయా' పాట ఎన్నో ఆరాధనల్లో వినిపించింది. దావీదు తన తరంవారికి దేవుని చిత్తప్రకారం సేవచేసి నిద్రించాడని అపొస్తలుల కార్యములు 13:36 చెబుతోంది. ఎన్నాళ్లు నిలిచామన్నది కాదు, ఉన్నన్నాళ్లు ఎవరికి సేవచేశామన్నదే లెక్క.

కొత్త బాణీ మన సంఘాలకూ కొత్త కాదు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు కర్ణాటక రాగాల్లో క్రీస్తును కీర్తించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపైన రాగం, తాళం వేసి ఉండటం మనం చూస్తూనే ఉన్నాం. నేడు పాత కీర్తనలని గౌరవించేవి ఒకనాడు కొత్త పాటలే కదా!

కాపరులమైన మేము ఒక మాట ఒప్పుకోవాలి. గిటారు పట్టుకుని వచ్చిన కుర్రవాణ్ణి ముందు జుట్టు కత్తిరించుకుని రమ్మన్న రోజులు మాకూ ఉన్నాయి. అలా వెళ్లినవారిలో కొందరు మళ్లీ రాలేదు. ఆ లెక్క ప్రభువు మమ్మల్ని అడుగుతాడు.

అలాగని వినిపించిన ప్రతి ధ్వనీ ఆరాధన కాదు. స్మిత్ పాటతో సరిపెట్టలేదు. వచ్చిన యువతకు బైబిలును అధ్యాయం వెంట అధ్యాయంగా, వచనం వెంట వచనంగా బోధించారు. గుమ్మం తెరవడం ప్రేమ, లోపలికి వచ్చినవారికి వాక్యమిచ్చి పెంచడం బాధ్యత. మొదటిది లేకపోతే రెండోదానికి అవకాశమే రాదు.

మనుష్యులు పైరూపాన్ని చూస్తారు, దేవుడు హృదయాన్ని చూస్తాడన్న సత్యాన్ని సమూయేలు యెష్షయి ఇంటిలో నేర్చుకున్నాడు (1 సమూయేలు 16:7). ఈ ఆదివారం మన మందిరపు గుమ్మం దగ్గర ఎవరు సంకోచిస్తూ నిలబడ్డారో ఒకసారి చూద్దాం. దేవుడు మన సంఘానికి ఇవ్వదలచిన కొత్త పాట వారి నోటనే ఉందేమో!