పెరటి చేపల గుంట: ప్రాణవాయువు లెక్కతోనే ప్రారంభం

గ్రామీణ కుటుంబాలకు నాణ్యమైన మాంసకృత్తులను ఇంటి వద్దనే అందించగల మార్గాలలో పెరటి చేపల పెంపకం ఒకటి. కొద్దిపాటి ఖాళీ స్థలం, బోరు నీటి వసతి ఉన్న రైతులు దీనిపై ఆసక్తి చూపినపుడు విస్తరణ శాస్త్రవేత్తలను సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఎన్ని పిల్లలను వదలవచ్చు అన్నదే. దీనికి సమాధానం గుంట వైశాల్యంలోనో, మేత లభ్యతలోనో కాక, తెల్లవారుజామున నీటిలో మిగిలి ఉండే ప్రాణవాయువులో ఉంది. ఈ లెక్కను విస్మరిస్తే నెలల తరబడి పెంచిన చేపలు ఒకే రాత్రిలో మరణించి, కుటుంబం పెట్టుబడి మొత్తాన్ని కోల్పోయే ప్రమాదం ఉంది.

రాత్రివేళ నీటిలో జరిగే మార్పులు

30 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీరు సంతృప్త స్థితిలో లీటరుకు సుమారు 7.5 మి.గ్రా. ప్రాణవాయువును మాత్రమే కరిగించుకోగలదు. పగటివేళ వృక్షప్లవకాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా ప్రాణవాయువును విడుదల చేస్తాయి. సూర్యాస్తమయం తరువాత ఈ ఉత్పత్తి నిలిచిపోతుంది. చేపలు, ప్లవకాలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు మాత్రం రాత్రంతా శ్వాసిస్తూనే ఉంటాయి. అందువల్ల తెల్లవారుజామున ప్రాణవాయువు కనిష్ఠ స్థాయికి చేరుతుంది. ముసురు పట్టిన రోజులలో ఇది మరింత తగ్గుతుంది. కార్పు జాతి చేపలకు లీటరుకు 5 మి.గ్రా. లేదా అంతకు మించి ఉండటం అనుకూలం. 3 మి.గ్రా. కంటే తగ్గితే మేత తీసుకోవడం, పెరుగుదల మందగిస్తాయి. 1 మి.గ్రా. కంటే తక్కువ స్థాయి కొన్ని గంటలు కొనసాగితే మరణాలు సంభవిస్తాయి.

రెండు పద్ధతుల పోలిక

10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల లోతు గల గుంటకు సుమారు రెండున్నర సెంట్ల స్థలం చాలు. గట్లకు 1:1 వాలు ఇస్తే అందులో సుమారు 110 ఘనపు మీటర్ల నీరు నిలుస్తుంది. లీటరుకు 6 మి.గ్రా. చొప్పున ఆ నీటిలో 660 గ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. కిలో చేపలు గంటకు 300 మి.గ్రా. వినియోగిస్తాయని భావిస్తే, 36 కిలోల చేపలకు 12 గంటల రాత్రిలో సుమారు 130 గ్రాములు అవసరం. మిగిలిన నిల్వ ప్లవకాల, సూక్ష్మజీవుల శ్వాసక్రియకు ఉపయోగపడుతుంది.

దీనికి భిన్నంగా 10,000 లీటర్ల తొట్టిలో 200 కిలోల చేపలను పెంచితే నిల్వ ఉండే ప్రాణవాయువు 60 గ్రాములే. అదే రేటున చేపలు గంటకు 60 గ్రాములు వినియోగిస్తాయి. అంటే విద్యుత్ సరఫరా ఆగి ఏరేటర్లు నిలిచిపోతే, గంట గడవకముందే చేపలు ప్రమాదంలో పడతాయి. అధిక సాంద్రత పద్ధతులు అసాధ్యమైనవి కావు. అయితే జనరేటరు, నిరంతర పర్యవేక్షణ లేని కుటుంబానికి వాటిని సిఫారసు చేయడం సమంజసం కాదు.

గుంట తయారీ, పిల్లల ఎంపిక

బంకమట్టి నేలలు నీటిని నిలుపుతాయి. ఇంకుడు ఎక్కువగా ఉండే చల్కా, ఇసుక నేలలలో 500 మైక్రాన్ల షీటు పరచాలి. వేసవిలో రోజుకు 8 మి.మీ. నీరు ఆవిరైతే 100 చదరపు మీటర్ల గుంట నుండి 800 లీటర్లు తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలలలో ఈ లోటును భర్తీ చేయగల నీటి వనరు ఉన్నదీ లేనిదీ తవ్వకానికి ముందే నిర్ధారించుకోవాలి. చిన్నపిల్లల భద్రత దృష్ట్యా గుంట చుట్టూ కంచె తప్పనిసరి. మట్టి గుంటలో నేల స్వభావాన్ని బట్టి 2 నుండి 5 కిలోల సున్నం చల్లి, తరువాత నీరు నింపాలి.

ఈ పరిమాణానికి 8–10 సెం.మీ. పొడవు గల 60 పిల్లలు సరిపోతాయి. పై పొరలో మేసే బొచ్చె 24, మధ్య పొరలో మేసే శీలావతి 18, అడుగున మేసే మోసు 18 చొప్పున వదలితే అన్ని పొరలలోని సహజ ఆహారం వినియోగమవుతుంది. పిల్లలున్న సంచిని 15–20 నిమిషాలు గుంట నీటిపై తేలనిచ్చి, క్రమంగా ఆ నీటిని సంచిలో కలిపి, ఆ తరువాతే వదలాలి. కొరమీను గాలిని నేరుగా పీల్చగలదు కనుక ప్రాణవాయువు కొరతను తట్టుకుంటుంది. కానీ ఇది మాంసాహారి అయినందున కార్పు పిల్లలతో కలిపి పెంచరాదు. థాయ్ మాగుర్‌గా పిలిచే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషిద్ధం.

మేత, నత్రజని

తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్లలో కలిపిన మేతలో సుమారు 28 శాతం మాంసకృత్తులు ఉంటాయి. చేపల బరువులో 2–3 శాతం చొప్పున రోజూ అందించాలి. 60 పిల్లలలో 48 బతికి, సగటున 750 గ్రాములు తూగితే దిగుబడి 36 కిలోలు. కిలో పెరుగుదలకు రెండు కిలోల చొప్పున 72 కిలోల మేత అవసరం. మాంసకృత్తులలో 16 శాతం నత్రజని ఉంటుంది కనుక ఈ మేత ద్వారా గుంటలో చేరే నత్రజని సుమారు 3.2 కిలోలు. చేపల శరీరంలో నిలిచేది ఒక కిలోకు మించదు. మిగిలిన 2.2 కిలోలు, అంటే దాదాపు 5 కిలోల యూరియాలోని నత్రజని, నీటిలోనూ బురదలోనూ చేరుతుంది.

ఈ నత్రజని పేరుకుపోతే నీరు ముదురు ఆకుపచ్చగా మారుతుంది. పగటివేళ ఉదజని సూచిక పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద ఉదజని సూచిక 7 ఉన్నపుడు మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపం ఒక శాతం లోపే ఉండగా, 9 వద్ద అది మూడో వంతును మించుతుంది. కాబట్టి గుంట అడుగు నీటిని క్రమం తప్పక కూరగాయల మడులకు, అరటికి పారించి, ఆ మేరకు కొత్త నీరు నింపాలి. నత్రజనిలో కొంత వాయు రూపంలో నష్టమైనా, మిగిలినది పంటకు అందుతుంది. పట్టుబడి అనంతరం తీసిన బురదను ఎరువుగా వాడవచ్చు.

ప్రమాద సూచనలు

మోచేతి వరకు నీటిలో ముంచినపుడు అరచేయి కనబడకపోతే ప్లవకాలు మితిమీరినట్లు గ్రహించి, మేతను తగ్గించి, ఎరువులు వేయడం ఆపాలి. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ప్రాణవాయువు కొరతకు స్పష్టమైన సంకేతం. వెంటనే మేత నిలిపి, కొత్త నీటిని ఎత్తు నుండి తుంపరలుగా పడేటట్లు వదలాలి. ముసురు రోజులలో ముందుజాగ్రత్తగా మేతను సగానికి తగ్గించడం మంచిది.

విస్తరణ సిబ్బంది పెరటి గుంటలను పగటివేళ మాత్రమే సందర్శిస్తే వాటి అసలు స్థితి తెలియదు. మధ్యాహ్నం నిండుగా కనిపించే ప్రాణవాయువు తెల్లవారేసరికి అడుగంటవచ్చు. సూర్యోదయానికి ముందు గుంట వద్దకు వెళ్లి చేపలను గమనించే అలవాటును కుటుంబానికి నేర్పడం ఈ పెంపకంలో ఖర్చు లేని రక్షణ. ప్రదర్శన గుంటలలో కూడా దిగుబడితో పాటు ఉదయపు ప్రాణవాయువు కొలతలను నమోదు చేసి రైతులకు చూపినపుడే, పిల్లల సంఖ్యను పరిమితం చేయాలన్న సూచనకు ఆధారం వారికి అవగతమవుతుంది.