టీ కణాన్ని క్యాన్సర్ దగ్గరికి చేర్చే మందు

మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీకి రెండు చేతులుంటాయి. రెండూ పట్టుకునేది ఒకే రకం ఆనవాలును. అలా కాక, ఒక్కో చేతికి ఒక్కో ఆనవాలును అప్పగిస్తే అది బైస్పెసిఫిక్ యాంటీబాడీ. రక్తక్యాన్సర్‌కు వాడే బ్లినట్యుమొమాబ్‌లోనైతే ఆ రెండు పట్టుకొసలు తప్ప యాంటీబాడీలోని మిగతా భాగమేదీ ఉండదు. ఒక కొస ల్యుకేమియా కణం మీది సీడీ19 ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, మరొకటి మన రోగనిరోధక వ్యవస్థలోని టీ కణం మీది సీడీ3ని.

చంపే పని మందుది కాదు, టీ కణానిది. మామూలుగా అది తనకు సరిపోయే గురుతు కనిపిస్తేనే దాడి చేస్తుంది. చాలా క్యాన్సర్ కణాలు ఆ గురుతును దాచేసి తప్పించుకుంటాయి. ఈ మందు రెండు కణాలనూ ఆనించేస్తే గురుతుతో పనే లేదు. టీ కణం పెర్ఫోరిన్‌తో ఎదుటి కణం పొరకు చిల్లులు పొడిచి, గ్రాంజైములను లోపలికి పంపి చంపుతుంది. ఆపైన ఇంకో కణం మీదికి వెళ్తుంది.

ఇంత చిన్న అణువు కాబట్టే ఒంట్లో నిలవదు. దాదాపు రెండు గంటల్లో సగం పోతుంది. అందుకే పంపు పెట్టి 28 రోజులు రాత్రింబవళ్లు ఎక్కిస్తూనే ఉండాలి. పెద్దవాళ్లకు పూర్తి మోతాదు రోజుకు 28 మైక్రోగ్రాములే. సంచీ మార్చేటప్పుడు గొట్టాన్ని సెలైన్‌తో కడగకూడదు. కడిగితే గొట్టంలో మిగిలిన మందంతా ఒక్కసారిగా రక్తంలోకి పోతుంది. టీ కణాలు ఒక్కుమ్మడిగా రేగితే జ్వరం ముంచుకొస్తుంది, బీపీ పడిపోతుంది. మెదడు మీదా ప్రభావం ఉండొచ్చు. అందుకని చాలాచోట్ల రోగి చేత రోజూ ఒక వాక్యం రాయిస్తారు. నిన్నటి దస్తూరీ కంటే ఇవాళ్టిది వంకరపోతే వెంటనే జాగ్రత్తపడతారు.

సీడీ19 యాంటీబాడీల తయారీకి మూలమైన, ఆరోగ్యంగా ఉన్న బీ కణాల మీదా ఉంటుంది కనుక అవీ పోతాయి. ఇన్ఫెక్షన్ల బెడద పెరుగుతుంది. అయినా బీ కణాలు లేకుండా కొంతకాలం నెట్టుకురావచ్చు, అవసరమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తారు. ఊపిరితిత్తుల్లోనో కాలేయంలోనో మంచి కణాలు ఇలా పోతే తట్టుకోలేం. గడ్డలుగా పెరిగే క్యాన్సర్లలో ఈ పద్ధతి నెమ్మదిగా సాగడానికి ఇదొక ముఖ్య కారణం.

2014లో అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు బ్లినట్యుమొమాబ్ జబ్బు తిరగబెట్టినవాళ్లకూ, కీమోకు లొంగనివాళ్లకూ ఇచ్చే మందు. తర్వాత కొత్తగా జబ్బు బయటపడిన పిల్లల్లో, కీమోతోపాటు రెండు విడతలు ఇచ్చి చూశారు. పదేళ్లకు ఫలితాలు వచ్చాయి. మూడేళ్ల నాటికి జబ్బు లేకుండా బతికి ఉన్నవాళ్లు 96 శాతం, కీమో ఒక్కటే అందినవాళ్లలో 87.9 శాతం. నా దృష్టిలో అసలు విజయం ఇదే. టీ కణాలు దెబ్బతినకముందే, క్యాన్సర్ కణాలు తక్కువగా ఉన్నప్పుడే ఈ మందు బాగా పనిచేస్తుంది. రోగులు నెలకు నెల సంచీ మోయక్కర్లేకుండా, చర్మం కింద సూదిగా ఇచ్చే రూపం మీద పరీక్షలు నడుస్తున్నాయి.